ఫిర్యాదు: మీ డ్రాప్ అవే రెస్ట్‌లో షాఫ్ట్ జారుతోంది, సరిచేసుకుంటే వారంటీ పోయిందంటున్నారు

కస్టమర్ సర్వీస్ వారికి,

నమస్కారం. విరిగిన స్ప్రింగ్ మార్చమని అడిగితే "వస్తువులో మార్పు చేశారు కాబట్టి వారంటీ వర్తించదు" అని నిన్న మీ దగ్గర్నుంచి ఒక లైను మెయిల్ వచ్చింది. ఆ మార్పు ఎందుకు చేయాల్సి వచ్చిందో మీలో ఒక్కరూ అడగలేదు. అందుకే మొదట్నుంచి రాస్తున్నా, కాస్త పొడుగైనా చదవండి.

మాది విజయవాడ, ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు. మా అమ్మాయి మూడేళ్లుగా కాంపౌండ్ ఆర్చరీ (కప్పీలూ కేబుళ్లూ ఉన్న విల్లుతో) ఆడుతోంది. మా ఊళ్లో ఈ పిచ్చి ముందునుంచీ ఉన్నదే, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మా ఊరి కాంపౌండ్ ఆర్చర్ జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు తెచ్చాక ఇంకా ముదిరింది. పోయిన దసరాకి 11,500 పెట్టి మీ రెస్ట్ కొన్నాను, అదే, విల్లుకి బిగిస్తే బాణాన్ని మోసి, వదలగానే కిందికి పడిపోయే పరికరం. అంతకుముందు వాడిన బ్లేడ్ రెస్ట్ (బాణం సన్న రేకు మీద ఆనే రకం) ఇందులో సగం ధర కూడా లేదు, రెండేళ్లు కిక్కురుమనకుండా పనిచేసింది.

నెల తిరక్కుండానే బాణాలు కిందికి పడటం మొదలైంది. మొదటి ఆరు బాణాలు టార్గెట్ మధ్య పసుపులో చక్కగా గుచ్చుకుంటాయి, తర్వాత 9 పాయింట్లు, ఆ తర్వాత 8, అన్నీ ఆరు గంటల వైపే, అంటే నేరుగా కిందికే. కోచ్ గారు భుజం కుంగుతోందన్నారు. వారం రోజులు ఆ పిల్ల అద్దం ముందు నిలబడి భుజం సరిచేసుకుంది, గురి చూసే సైట్ దించుకుంటూ పోయింది, మర్నాడు పొద్దున రెస్ట్ మళ్లీ బిగించేసరికి బాణాలన్నీ పైకి! ఇంట్లో అందరికీ టెన్షన్. తప్పు తనదేనని ఏడ్చింది కూడా.

ఈకలు రెస్ట్‌కి తగులుతున్నాయేమోనని వాటికి తిలకం రాసి వేయించాను. బాణాన్ని మోసే రెస్ట్ చేతి మీద ఎర్ర మరక ఎక్కడా పడలేదు. అప్పుడు రెస్ట్ షాఫ్ట్‌కీ (చెయ్యి బిగించిన ఇరుసుకి) చేతికీ కలిపి మార్కర్‌తో సన్నగా ఒక గీత గీశాను. పన్నెండు బాణాలకి ఆ గీత వెంట్రుకవాసి విరిగింది. ఇరవై నాలుగుకి కళ్లజోడు లేకుండానే కనబడింది. రోగం అక్కడుంది.

మీకు తెలియనిది కాదు, అయినా చెప్తాను. విల్లు లాగినప్పుడు విల్లు కేబుల్ కిందికి దిగి రెస్ట్‌కి కట్టిన సన్న తాడుని లాగుతుంది, ఆ తాడు షాఫ్ట్‌ని తిప్పితే చెయ్యి లేచి బాణాన్ని మోస్తుంది, వదలగానే తాడు వదులై స్ప్రింగ్ ఆ చేతిని పడేస్తుంది. అంటే మొత్తం భారం చెయ్యి షాఫ్ట్‌ని పట్టుకునే చోట పడుతుంది. అక్కడ మీరు పెట్టింది గుండ్రటి నున్నటి షాఫ్ట్, దాని మీద ఒకే ఒక్క గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న మర). రోజుకి నూట యాభై బాణాల అదురుకి అది నిలుస్తుందని ఎవరనుకున్నారండీ? మా షాపులో పుల్లీ బిగించేటప్పుడు షాఫ్ట్ మీద ఫ్లాట్ (స్క్రూ ఆనే చోట చదును) కొట్టకుండా స్క్రూ వేస్తే కుర్రాణ్ణి తిడతాను.

కాగితం మీద లెక్క చూడండి. నాక్ (బాణాన్ని వింటితాడుకి తగిలించే వెనక చివర) నుంచి రెస్ట్ దాకా దాదాపు 70 సెంటీమీటర్లు, టార్గెట్ 50 మీటర్లు. రెస్ట్ దగ్గర ఒక్క మిల్లీమీటరు దిగితే టార్గెట్ దగ్గర 7 సెంటీమీటర్లు దిగుతుంది. 80 సెంటీమీటర్ల టార్గెట్‌లో 10 వలయం మధ్య నుంచి అంచుకి 4 సెంటీమీటర్లే. మీ స్క్రూ వెంట్రుకవాసి వదిలితే మా పిల్ల పాయింటు పోతుంది, కాంపౌండ్‌లో 15 బాణాల స్కోరూ కలిపే చూస్తారు కదా, ఒక్క పాయింటు చాలు ఇంటికి రావడానికి. మ్యాచ్ మధ్యలో సామాను చెడితే అదనపు టైమ్ కూడా ఇవ్వరు. మా అమ్మాయి పోయిన నెల 139-141తో ఓడింది. మొత్తం మీ స్క్రూ వల్లే అనను, కానీ చివరి రెండు బాణాలు ఎక్కడ పడ్డాయో నేను బైనాక్యులర్స్‌లో చూశాను.

స్క్రూ జారుతోందని తేలిన రాత్రే షాఫ్ట్ తీసి, స్క్రూ కూర్చునే చోట ఆకురాయితో చిన్న ఫ్లాట్ కొట్టాను. పావుగంట పని. తర్వాత మూడు వారాలు, రెండు వేల పైన బాణాలు, మార్కర్ గీత ఇప్పటికీ తిన్నగా ఉంది. ఇంతలో స్ప్రింగ్ విరిగింది. నేను స్ప్రింగ్ జోలికే పోలేదు, అది షాఫ్ట్‌కి రెండో చివర ఉంటుంది. స్ప్రింగ్ అడిగితే ఫ్లాట్ చూపించి వారంటీ లేదంటారా?

ఇంకోటి, పెట్టెలో ఇచ్చిన అలెన్ కీ మెత్తది, రెండుసార్లు తిప్పేసరికి మూలలు అరిగిపోయాయి. స్క్రూలేమో ఇంచు కొలత, ఇక్కడ ఏ హార్డ్‌వేర్ షాపుకెళ్లినా మిల్లీమీటర్ కీలే ఇస్తున్నారు. చేతి మీద అంటించిన ఫెల్ట్ గుడ్డ ఎండకి ఊడొచ్చింది, అది నేనే అంటించుకున్నాను, దాని గురించి గొడవ లేదు.

నాకు కావాల్సింది స్ప్రింగ్, ఉచితంగా, పది రోజుల్లోపు. రెస్ట్ వెనక్కి పంపమంటే పంపుతాను, కానీ ముందు ఇంకోటి పంపండి, పిల్ల ప్రాక్టీస్ ఆగకూడదు. ఇక మీ డిజైన్ వాళ్లకి చెప్పండి: షాఫ్ట్‌కి ఫ్లాట్ కొట్టి రెండు స్క్రూలు పెట్టమనండి, షాఫ్ట్ మీదా చేతి మీదా చెరిపినా పోని గీతలు వేయమనండి. జారితే కనీసం కంటికి కనబడాలి, పిల్ల భుజాన్ని అనుమానించే పని తప్పుతుంది. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా వస్తోంది, కొనేవాళ్లు పెరుగుతారు, మీకే లాభం.

బిల్లు, విరిగిన స్ప్రింగ్, గీత జరిగిన ఫోటోలు, నేను కొట్టిన ఫ్లాట్ ఫోటో అన్నీ జతచేశాను. ఈసారి కూడా ఆ ఒక్క లైను జవాబే వస్తే ఇవే కాగితాలు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఇస్తాను.

ఇట్లు,
ఒక ఆర్చర్ తండ్రి, విజయవాడ