మంగళవారం సరుకు ఎందుకు రాలేదంటే: టైర్ల సంగతి, ఇకమీదట మా బండి తిరిగే తీరు

మొన్న మంగళవారం రాత్రికి అందాల్సిన సరుకు బుధవారం పదకొండు దాటాక గానీ మీకు చేరలేదు. ఒడిశాలో బిస్సంకటక్, మునిగుడ వైపు కొట్లవాళ్లు ఎలాగో సర్దుకున్నారు. చటికోన సంతలో కొట్టు పెట్టేవాళ్లకు మాత్రం ఆ వారం పోయినట్టే. బుధవారం సంతకు ఉల్లిపాయలు మధ్యాహ్నం వస్తే ఎవరు కొంటారు? ఫోన్ చేసిన అందరికీ "బండి పాడైంది" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. అది సగం నిజమే. తప్పు నాది, నష్టం మీది కాబట్టి మిగతా సగం కూడా చెప్పాలి.

పార్వతీపురంలో లోడు ఎత్తుకుని సాయంత్రం బయల్దేరాం. బండి మా బావమరిది నడుపుతున్నాడు, నేను పక్కన ఉన్నాను. కొమరాడ దాటి కూనేరు వైపు వస్తుంటే ఎడమవైపు వెనక టైరు పేలింది. బండి ఒక పక్కకు ఒరిగి, రోడ్డు దిగిపోయేంత పనయ్యింది. దిగి లైటు వేసి చూస్తే టైరు పక్క గోడ మూరెడు పొడవున చీలిపోయి దారాలు బయటికి వచ్చాయి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. స్టెప్నీ దింపితే అందులో గాలి లేదు. ఎన్నాళ్ల నుంచి లేదో నాకు తెలియదు, ఎందుకంటే దానికి గాలి చూపించి నెలలు దాటిపోయింది. పంక్చర్ షాపులన్నీ మూసేసిన వేళ అది. తెల్లారేదాకా బెల్లం దిమ్మల మీద, నూనె డబ్బాల మీద టార్పాలిన్ కప్పి రోడ్డు పక్కనే కూర్చున్నాం.

గురువారం బండిని సాలూరు తీసుకెళ్లాను. లారీల ఊరు కదా, టైరు సంగతి అక్కడివాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఒక పెద్దాయన పేలిన టైరును వెలుగులోకి తిప్పి, దాని మీది అంకె చూపించి "బాబూ, ఇది జీపు టైరు" అన్నారు.

నిజమే. ఏడాదిన్నర కిందట వెనక రెండు టైర్లూ మార్చినప్పుడు సైజు ఒక్కటే చూశాను. 215/75 ఆర్15 అని ఉంది, మా పికప్‌కి కూడా అదే. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 75 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ అంటే రేడియల్, 15 రిమ్ము అంగుళాలు. అన్నీ కలిశాయి, పైగా ధర తక్కువ, ఇంకేం అనుకున్నాను. ఆ సైజు పక్కనే ఇంకో చిన్న అంకె ఉంటుంది. టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పేది అదే. నా టైరు మీద 100 ఉంది. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది, 108 ఉంటే 1000 కిలోలు. జీపుకు 800 చాలు. నా బండికి ఒక్కో వెనక చక్రం మీద అంతకంటే ఎక్కువే పడుతోంది. దానికి తోడు గాలి తక్కువ. గాలి తగ్గినకొద్దీ పక్క గోడ వంగి లేస్తూ వేడెక్కుతుంది, ఆ వేడికే చివరికి చీలుతుంది.

ముందు టైర్ల మీద ఆయన అరచెయ్యి పెట్టి ఒకసారి అటు, ఒకసారి ఇటు రాశారు. నన్ను కూడా రాయమన్నారు. ఒక వైపు రాస్తే నున్నగా జారింది, రెండో వైపు రాస్తే టైరు మీది రబ్బరు గుండీల అంచులు రంపంలా చేతికి తగిలాయి. అలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా ఉండడం, పోయిందనడానికి అదే గుర్తట. ఎన్నాళ్ల నుంచో స్టీరింగ్ ఎడమకు లాగుతోందని మా బావమరిది చెబుతూనే ఉన్నాడు. నేనే రోడ్డు బాగోలేదులే అని కొట్టిపారేశాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అప్పుడే మార్చి ఉండాల్సింది. గాడుల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న గట్టు ఉంటుంది, గుండీ అరిగి దానితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. ముందు టైర్లు దాదాపు అక్కడికి వచ్చేశాయని తెలిసి కూడా ఇంకొన్నాళ్లు లాగుదామనుకున్నాను.

ఈసారి ఐదూ కొత్తవే తీసుకున్నాను, స్టెప్నీతో సహా. అన్నీ రేడియల్, అన్నీ లోడు బండికి వేసేవే. ముందు రెండూ నిలువు గాడుల టైర్లు, స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది, వేడి కూడా తక్కువ. వెనక రెండూ అడ్డ గుండీలవి, ఎందుకంటే వానాకాలంలో లోపలి ఊళ్లకు వెళ్లే మట్టిరోడ్లలో మొదట జారేది వెనక చక్రాలే. ఒక షాపులో అదే కంపెనీ టైరు బాగా తగ్గించి ఇస్తామన్నారు. పక్క గోడ మీద నాలుగంకెలు చూస్తే 1421 అని ఉంది, అంటే 2021లో 14వ వారంలో తయారైంది. అన్నేళ్లు గోడౌన్‌లో ఉన్న రబ్బరు మీద మీ సరుకు ఎక్కించడం ఇష్టం లేక వద్దన్నాను. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌తో కలిపి 38 వేల చిల్లర అయ్యింది. రీసోల్, అంటే పాత టైరు మీదే కొత్త రబ్బరు, చేయిస్తే చాలా మిగిలేది గానీ, ఆ రాత్రి తరువాత నాకు మనసొప్పలేదు.

టైర్లతోనే అయిపోలేదు. జాకీ ఎక్కించి చూస్తే బరువు మోసే స్ప్రింగు పట్టీల కమాన్ కట్టలో ఒక పట్టీ విరిగి ఉంది, బుష్‌లు అరిగిపోయాయి. అవి మార్చాం. బ్రేక్ ఆయిల్ నల్లబడింది, అది కూడా మార్చాం. ఇకనుంచి రెండేళ్లకోసారి మారుస్తాం. అది తేమ పీలుస్తుంది, ఘాట్ దిగేటప్పుడు వేడెక్కితే బ్రేకు పట్టదు.

రోజూ పొద్దున్న బండి తియ్యకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే, ఐదింటికీ గాలి చూస్తున్నాం. డోరు దగ్గర అంటించిన కాగితంలో ముందు ఎంత, వెనక ఎంత అని రాసి ఉంటుంది, దాని ప్రకారమే. గాలి మీటరు సొంతంగా కొన్నాను. ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి ఎడమ టైర్లు కుడికి, కుడివి ఎడమకు మార్చి వేయించడం, అలైన్‌మెంట్. వానాకాలంలో వారానికోసారి డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు వదలడం. ఎండాకాలం మన రోడ్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది, అది విప్పి చూడడం. ఇంజన్ ఆయిల్ కంపెనీ పుస్తకంలో ఉన్న లెక్కకే. బండికి ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి ఫిట్‌నెస్ ఇక రెండేళ్లకు కాదు, ఏటేటా చేయించాలి. ఈ తారీకులన్నీ కొట్టులో క్యాలెండర్ మీద రాసి పెట్టాను, వచ్చినప్పుడు మీరే చూడొచ్చు.

ఇక మీకు తగిలే మార్పులు. మా బండి 1,300 కిలోల లోడుకు. నేను 1,800 దాకా ఎక్కించిన రోజులున్నాయి. ఇక ఎక్కించను, ఎంత దగ్గరివాళ్లు అడిగినా సరే. అందుకే వారానికి రెండు ట్రిప్పుల బదులు మూడు ఉంటాయి: సోమ, మంగళ, శుక్రవారాలు. చటికోన సంత సరుకు మంగళవారం ట్రిప్పులో ముందు ఎక్కుతుంది. మూడో ట్రిప్పు డీజిల్‌కి బస్తాకు 3 రూపాయలు పెంచక తప్పడం లేదు. కొన్నాళ్లు పెంచకుండా చూద్దామని రెండు రాత్రులు లెక్కలు వేశాను, కుదరలేదు. కూరగాయల ట్రేలకు, గుడ్లకు పాత రేటే.

నెలలో రెండో ఆదివారం బండి పూర్తిగా ఆగుతుంది, గ్రీజు కొట్టించి, నట్లు బిగించి, కిందికి దూరి చూసే రోజు అది. ఆ ముందు శనివారం సాయంత్రం ఆరులోపు ఆర్డర్ చెప్పేయండి.

మొన్న సంత పోయినవాళ్లకు వచ్చే రెండు ట్రిప్పులకు రవాణా ఖర్చు తీసుకోను. పగిలిన గుడ్ల ట్రేలకు డబ్బులు తిరిగి ఇస్తున్నాను. నా లెక్కలో ఏడుగురి పేర్లు ఉన్నాయి. మీ పేరు లేదనిపిస్తే కొట్టుకు వచ్చి చెప్పండి, చీటీ పోయినా ఫర్వాలేదు.