పాత పొగాకు వేలం గోదాములను కాపాడాలి

సంపాదకులకు నమస్కారం.

వర్జీనియా, నార్త్ కరోలినా రాష్ట్రాల చిన్న పట్టణాల్లో పాత పొగాకు వేలం గోదాములు ఒకటొకటిగా నేలమట్టమవుతున్న సంగతి మన పత్రికల్లో దాదాపు కనిపించదు. ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతుల పిల్లలూ ఉన్నారు కనుక, ఇది మనకూ సంబంధించిన విషయమేనని రాస్తున్నాను.

పొగాకును పెద్ద పీపాల్లో కుక్కి అమ్మే పాత పద్ధతికి బదులు, విడి ఆకును కుప్పలుగా పోసి అందరి కళ్లెదుటా వేలం పాట పాడే పద్ధతి వర్జీనియాలోని డాన్‌విల్‌లో 1858లో మొదలైంది. ఆ పద్ధతికి ఆ ఊరి పేరే స్థిరపడింది. గోదాముల కప్పుల్లో అద్దాలు అమర్చింది అలంకారానికి కాదు, ఆకు రంగును పగటి వెలుగులో చూస్తేనే కొనేవారు ధర కట్టగలిగేవారు. వరుసల మధ్య పాటగాడు నడుస్తూ గంటకు వందల కుప్పలు అమ్మేవాడు, రైతు ఏడాది కష్టానికి కొన్ని క్షణాల్లో వెల తేలిపోయేది. డాన్‌విల్‌కు పక్కనే ఉన్న క్యాస్వెల్ కౌంటీలో 1839లో, స్టీఫెన్ అనే బానిస బొగ్గుల వేడితో ఆకును పసుపు రంగుకు తెచ్చాడని చరిత్ర చెబుతోంది. ఆ తరహా ఆకే 1920లలో గుంటూరు ప్రాంతానికి చేరి, మనవాళ్ల నోట వర్జీనియా పొగాకు అయింది. ఈ పట్టణాల ఫ్యాక్టరీల్లో ఈనెలు తీసే పని ఎక్కువగా నల్లజాతి స్త్రీలే చేశారు. భవనాలు పోతే వారి శ్రమకు ఆనవాలుగా ఊళ్లో మిగిలేది చాలా తక్కువ.

2000 ప్రాంతం నుంచి సిగరెట్ కంపెనీలు రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకోవడం, 2004 నాటి ఫెడరల్ చట్టం పొగాకు సాగు కోటాలను, మద్దతు ధరను రద్దు చేయడంతో వేలాలు దాదాపు ఆగిపోయాయి. మన టంగుటూరు, కొండపిలలో టొబాకో బోర్డు వేలాలు ఇంకా సాగుతున్నాయి; ఇక్కడ మాత్రం గోదాములు ఖాళీ అయ్యాయి.

జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌లో పేరుంటే చాలు, భవనానికి రక్షణ దొరికినట్టేనని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. యజమాని సొంత డబ్బుతో కూల్చదలిస్తే ఆ రిజిస్టర్ ఆపలేదు. నార్త్ కరోలినాలో చారిత్రక కట్టడంగా స్థానిక ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సైతం కూల్చివేతను సాధారణంగా 365 రోజుల వరకు వాయిదా వేయగలదు, అంతే. డర్హమ్ నగరంలో 1938 నాటి లిబర్టీ గోదాము, ఒకప్పుడు అలాంటి గుర్తింపు ఉండి కూడా, 2011లో పైకప్పు కొంత కూలాక 2014లో పూర్తిగా పడగొట్టబడింది. పెద్ద నగరంలోనే ఇలా జరిగితే, బడ్జెట్ అంతంతమాత్రమైన చిన్న ఊళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

నా ఉద్దేశంలో ఈ కట్టడాలను నిలబెట్టేది వాడుక ఒక్కటే. వర్జీనియాలోని సౌత్ బోస్టన్‌లో పొగాకును పీపాలకెత్తిన భవనం నేడు ప్రైజరీ అనే కళాకేంద్రంగా నడుస్తోంది. ఆదాయం తెచ్చే చారిత్రక భవనాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ కూడా ఉంది. కాబట్టి పట్టణ కౌన్సిళ్లు ఖాళీ గోదాముల పైకప్పులను ఏటా తనిఖీ చేయించి, కూల్చివేత అనుమతికి ముందే మరో వాడుకను వెతకాలి. ఈ ఊళ్లలో ఉంటున్న తెలుగువారు ఈ భవనాలపై కౌన్సిళ్లు జరిపే బహిరంగ విచారణలకు హాజరై, తమ కుటుంబాల పొగాకు అనుభవాన్ని అక్కడ నమోదు చేయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ర్యాలీ, నార్త్ కరోలినా