ఫ్లెక్సీ ఎక్కని పిల్లలకూ అభినందనలు

సంపాదకుడు గారికి నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మన విశాఖలో ఏ జంక్షన్ చూసినా ఫ్లెక్సీలే. ద్వారకానగర్, గాజువాక, ఎన్‌ఏడీ, ఎక్కడైనా అవే ఫొటోలు, అవే ఐదు వందల తొంభైలు. ఆ పిల్లలు కష్టపడ్డారు, సంతోషం. వాళ్లను మెచ్చుకోవడానికి కాలేజీల వాళ్లు ఎలాగూ ఉన్నారు కాబట్టి నేను మిగతావాళ్ల గురించి రాస్తున్నాను.

కంచరపాలెంలో నాకు చిన్న జిరాక్స్ షాపు, నెట్ సెంటర్ ఉన్నాయి. రిజల్ట్ ఇప్పుడు అందరూ ఫోన్లోనే చూసేసుకుంటున్నారు గానీ, మెమో ప్రింటుకి మాత్రం షాపుకే వస్తారు. ఈమధ్య ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. ఆయన ఆటో డ్రైవరు, ఖాకీ చొక్కాతోనే దిగాడు. మొత్తం 418 మార్కులు, లెక్కల్లో 71. "ఫస్ట్ క్లాస్ కదమ్మా" అన్నాను. "నాలుగొందలే కదా అంకుల్" అని తల దించుకుంది. వాళ్ల నాన్న మాత్రం కలర్ ప్రింటు తీయించి, "దీనికి లామినేషన్ చెయ్యండి సార్" అన్నాడు.

600కి 360 దాటితే ఫస్ట్ క్లాసే. ఆ లెక్క ఊళ్లో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ర్యాంకులు, మార్కులతో ప్రకటనలు వేయకూడదని 2022లోనే రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వేస్తే జైలు అని కూడా చెప్పింది. ఫ్లెక్సీలు కట్టేవాళ్లు అది చదివినట్టు లేదు, తీయించాల్సినవాళ్లు కూడా!

ఇంకో తలనొప్పి, ప్రైవేటు కాలేజీల పీఆర్వోల ఫోన్లు. పరీక్షలు అవకముందే మొదలెడతారు. "ఈరోజు అడ్వాన్స్ కడితే ఫీజులో తగ్గింపు, రేపైతే సీటు ఉండదు" అంటారు. అప్పు చేసి కట్టేసిన తల్లిదండ్రులు ఆ తర్వాత నా షాపుకొచ్చి పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ ఎప్పుడని అడుగుతారు. అప్పటికి ఒరిజినల్ టీసీ ఆ కాలేజీ బీరువాలో ఉంటుంది.

నిజానికి మన కంచరపాలెంలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది. మూడేళ్ల డిప్లొమా చేసి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐ చేసినవాళ్లను నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్‌లుగా తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి పని నేర్పిస్తుంది. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సుకి సీటిస్తారు. 418కి అక్కడ రావడం కష్టమే, ఉన్నమాట చెప్పాలి. ఇంటరే చదవాలనుకుంటే ప్రభుత్వ జూనియర్ కాలేజీలు ఉన్నాయి. 2025 జనవరి నుంచి వాటిలో మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. ఎంపీసీ ఒక్కటే చదువు అన్నట్టు మాట్లాడేవాళ్లకు సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) చదివిన ఆడిటర్ల ఆఫీసులు చూపించాలి.

పాసైన పిల్లలందరికీ ఈ అంకుల్ తరఫున శుభాకాంక్షలు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాసినవాళ్లు కౌన్సెలింగ్ అయ్యేదాకా ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి. స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఆఖరి రోజున సర్వర్ పనిచేయదు, ఇది నా అనుభవం. ఒకటి రెండు సబ్జెక్టులు పోయినవాళ్లు దిగులు పడొద్దు. సప్లిమెంటరీ వెంటనే ఉంటుంది, పాసైతే ఏడాది పోదు. మార్కులు మరీ తక్కువ వచ్చాయనిపిస్తే రీకౌంటింగ్‌కి గడువు కొద్ది రోజులే, చూసుకోండి. తల్లిదండ్రులకు ఒక్కటే మనవి: ఫలితాలొచ్చిన వారం రోజులూ పక్కింటి పిల్లల మార్కుల మాట ఇంట్లో ఎత్తకండి.

జీవీఎంసీ (నగరపాలక సంస్థ) బడుల హెడ్మాస్టర్లకు కూడా ఒక విన్నపం. టాపర్లతో పాటు పాసైన ప్రతి ఒక్కరి పేరూ రాసి గేటు దగ్గర అంటించండి. అదే బడిలో చదివి ఇప్పుడు షిప్‌యార్డులోనో, పోర్టులోనో, ఆస్పత్రిలోనో పనిచేస్తున్న పాత విద్యార్థుల్ని ఒక పూట పిలిచి మాట్లాడించండి. పెద్ద ఖర్చేం కాదు.

మీ పత్రిక జిల్లా పేజీలో టాపర్ల ఫొటోల పక్కన కౌన్సెలింగ్ తేదీలు, ప్రభుత్వ కాలేజీల్లో ఉన్న గ్రూపులు, సీట్ల వివరాలు కూడా వేయగలరా? వేస్తే ఆ పేజీ జిరాక్స్ తీసి, వచ్చినవాళ్లకు ఊరికే ఇస్తాను.

— ఒక పాఠకుడు,
కంచరపాలెం, విశాఖపట్నం