లక్కీ డ్రా ఫలితాలు ఎక్కడ?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: సంక్రాంతి లక్కీ డ్రా ఫలితాలు ప్రకటించకపోవడం, ‘ఉచిత’ మిక్సీ ధర బిల్లులో కలపడం

అయ్యా,

జనవరి 4న మీ ద్వారకానగర్ షోరూమ్‌లో 31,490 రూపాయలు పెట్టి ఫ్రిజ్ కొన్నాను. నిజానికి ఇక్కడే అక్కయ్యపాలెంలో తెలిసిన షాపులో తీసుకుందామనుకున్నాం. పేపర్లో మీ ఫుల్ పేజీ ప్రకటన చూసి అటు వచ్చాం. ప్రతి ఫ్రిజ్‌కీ మిక్సీ ఉచితం, డ్రాలో మొదటి బహుమతి స్కూటర్, మరో పది మందికి బంగారు నాణేలు, డ్రా కనుమ నాడు అని వేశారు.

కూపన్ సగం చింపి డబ్బాలో వేశాను. కనుమ వెళ్ళింది, శివరాత్రీ వెళ్ళింది. మూడుసార్లు వచ్చి అడిగాను. మొదటిసారి “వాయిదా పడిందండి” అన్నారు. రెండోసారి “ఎప్పుడో అయిపోయింది, గెలిచినవాళ్ళకి ఫోన్లు చేసేశాం” అన్నారు. ఎవరు గెలిచారని మూడోసారి అడిగితే “అది హెడ్డాఫీసుకే తెలియాలి మేడమ్” అన్నారు. కూపన్ల డబ్బా మాత్రం కౌంటర్ కింద దుమ్ము పట్టి కనిపించింది.

స్కూటర్ నాకు రాలేదని కాదు ఈ ఉత్తరం. ఎవరికైనా వచ్చిందా అన్నదే నా ప్రశ్న. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం బహుమతుల పథకం ముగిశాక తుది ఫలితాలు పాల్గొన్నవాళ్ళకి చెప్పకుండా దాచడం అనుచిత వ్యాపార పద్ధతి. ఫోన్లు చేశాం అంటే సరిపోదు. ప్రకటన ఏ పేపర్లలో వేశారో, ఆ పేపర్లలోనే తగిన సమయంలోగా ఫలితాలు ప్రస్ఫుటంగా వేస్తేనే చెప్పినట్టు లెక్క. స్కూటర్ బొమ్మకి పేజీ అంతా దొరికింది, గెలిచినవాళ్ళ పేర్లకి నాలుగు లైన్లు దొరకలేదా? పైగా, నియమాలు అనుమతించినవి తప్ప, అమ్మకాల కోసం ఇలా లాటరీలు నడపడాన్నే ఆ సెక్షన్ తప్పుపడుతోంది. మీ డ్రా ఏ నియమం కింద పెట్టారో కూడా తెలియజేయండి.

ఇక మిక్సీ. బిల్లింగ్ దగ్గర నా పక్కన ఒక పెద్దాయన “ఇంట్లో ఉంది బాబూ, నాకొద్దు” అంటే, మీ సేల్స్ కుర్రాడు “అయితే 1,800 తగ్గిస్తానండి” అన్నాడు. నాదీ అదే మోడల్ ఫ్రిజ్. అంటే ‘ఉచితం’ ఖరీదు నా బిల్లులోనే ఉంది. ఇదీ అదే సెక్షన్ కిందికి వస్తుంది. మా అత్తగారు ఆ మిక్సీ అట్టపెట్టె ఇంకా విప్పలేదు.

కాబట్టి 15 రోజుల్లోగా డ్రా ఫలితాలు అవే పేపర్లలో ప్రకటించండి. డ్రా తీయకపోతే ఆ మాటే రాసివ్వండి. మిక్సీ వెనక్కి తీసుకుని 1,800 రూపాయలు ఇవ్వండి.

జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టి, విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు. నేనుండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు కాబట్టి మీ హెడ్డాఫీసు దాకా రావాల్సిన పనీ లేదు.

బిల్లు, నా దగ్గరున్న కూపన్ ముక్క, ప్రకటన జిరాక్సులు జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం