మూడంటే మూడో స్టేజీ కాదురా

ఒరేయ్ రాజూ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు సరిగా నిద్రపట్టలేదు. "బాబాయ్ లివర్ స్కాన్ రిపోర్టులో ఎల్ఆర్-3 అని ఉందిరా, అంటే మూడో స్టేజీయేగా?" అన్నావు. కాదురా అని చెప్పేలోపే బాబాయ్ పక్కకి వచ్చారని పెట్టేశావు. అందుకే కూర్చుని తీరిగ్గా రాస్తున్నా. పిన్నికి కూడా చదివి వినిపించు.

స్టేజీ అనేది క్యాన్సరని తేలాక వేసే లెక్క. ఎల్ఆర్ పక్కన ఉన్న ఈ అంకె దానికి ముందుది. లివర్లో కనపడ్డ మచ్చ క్యాన్సర్ అవడానికి ఎంత ఆస్కారం ఉందో చెబుతుంది. 1 అంటే కచ్చితంగా ప్రమాదం లేనిది, 5 అంటే దాదాపు కచ్చితంగా లివర్ క్యాన్సర్. బాబాయ్ ది మధ్యలో ఉంది. ఏమీ కాదని నీకు అబద్ధం చెప్పను. 3 వచ్చిన మచ్చల్లో మూడో వంతుకి కాస్త పైగా చివరికి క్యాన్సర్‌గా తేలతాయి. 4 అయితే నాలుగింట మూడొంతులు, 5 అయితే నూటికి 95 దాకా.

నువ్వు పంపిన ఫోటోలో అక్షరాలు సరిగా కనపడక పెద్దవి చేసుకుని చదివాను. 14 మిల్లీమీటర్ల మచ్చ. స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా పడేందుకు నరంలోకి ఎక్కించే మందు (కాంట్రాస్ట్) ఎక్కించిన అర నిమిషానికి తీసిన బొమ్మల్లో మెరిసింది, తర్వాతి బొమ్మల్లో చుట్టూ ఉన్న లివర్‌తో కలిసిపోయింది. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. లివర్‌కి ముప్పావు వంతు రక్తం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర నుంచి, పావు వంతు ధమని నుంచి వస్తుంది. ఈ క్యాన్సర్ మాత్రం ధమని రక్తం మీదే పెరుగుతుంది. అందుకే మందు ధమనిలో ఉన్నప్పుడు గడ్డ దీపంలా వెలుగుతుంది. ఒకటి రెండు నిమిషాలు గడిచి లివరంతా తెల్లబడేసరికి అది వెలవెలబోయి నల్లగా కనిపిస్తుంది. మా రేడియాలజిస్టులం దాన్ని వాషౌట్ అంటాం. బాబాయ్ మచ్చలో మెరుపు ఉంది, వాషౌట్ లేదు, చుట్టూ పొరా లేదు. అదే సైజులో వాషౌట్ కూడా ఉంటే 5 వేసేవాళ్లు. సిర్రోసిస్ ఉన్న, అంటే జబ్బుతో గట్టిపడిపోయిన లివర్లో ధమనికీ పోర్టల్ సిరకీ మధ్య చిన్న అడ్డదారులు పడి, అవి కూడా ఇలాగే మెరుస్తాయి. 3 వేసింది అందుకే.

ఇలా అంకెలు వేసే పద్ధతి పేరు లై-రాడ్స్, ఎల్ఆర్ దాని పొట్టి పేరు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వాళ్లు 2011లో తెచ్చారు, 2018లో సవరించారు. అంతకుముందు ఎలా ఉండేదో నాకు బాగా తెలుసు. నేను పీజీ అయి కొత్తగా చేరిన రోజుల్లో ఒక రైతుని ఆయన భార్య తీసుకొచ్చింది. చేతిలో మూడు చోట్ల తీయించిన మూడు రిపోర్టులు. ఒకదాంట్లో "అనుమానాస్పదం", ఒకదాంట్లో "కొట్టిపారేయలేం", ఇంకోదాంట్లో "క్లినికల్‌గా సరిచూసుకోగలరు". మచ్చ ఒకటే. "ఈ మూడింట్లో ఏది మంచిది బాబూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి నేనూ అవే మాటలు రాస్తున్నాను. ఆమె ఆ కాగితాలు మడిచి మళ్లీ సంచిలో పెట్టుకోవడం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఇప్పుడు రిపోర్టులో సైజెంత, మందు ఎక్కించాక ఏ దశలో మెరిసింది, వాషౌట్ ఉందా లేదా, పాత స్కాన్ కంటే ఎంత పెరిగింది అన్నీ విడివిడిగా రాయాలి. నేను హైదరాబాద్‌లో రాసినా, ఇంకొకరు తిరుపతిలో రాసినా, చదివే డాక్టరుకి ఒకే అర్థం రావాలి. పైగా 5 వస్తే చాలాసార్లు ముక్క తీసి పరీక్షించకుండానే వైద్యం మొదలుపెట్టొచ్చు. సిర్రోసిస్ ఉన్నవాళ్లకి లివర్లో సూది గుచ్చితే రక్తస్రావం భయం ఉంటుంది కదా.

అయితే ఈ అంకెలు అందరికీ వర్తించవు. సిర్రోసిస్ గానీ, దీర్ఘకాలిక హెపటైటిస్-బి గానీ ఉన్న పెద్దవాళ్లకే. పోయినేడు చెల్లెమ్మకి స్కాన్‌లో కనపడ్డ హెమాంజియోమాకి (రక్తనాళాల ముద్ద, క్యాన్సర్ కాదు) దీనితో సంబంధమే లేదు. దాన్ని గూగుల్లో వెతికి ఆమెని కంగారు పెట్టకు.

ఇక చేయాల్సింది. మీ డాక్టరుగారు మూడు నెలల్లో మళ్లీ స్కాన్ అన్నారుగా, అది తప్పించొద్దు. మళ్లీ అన్ని దశలతో తీసే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ అయ్యుండాలి, మందు ఎక్కించకుండా తీసే ప్లెయిన్ సీటీతో ఉపయోగం లేదు. ఊపిరి బిగబట్టమన్నప్పుడు కదలకుండా బిగబట్టాలని బాబాయ్‌కి ఇంట్లోనే అలవాటు చేయించు. ఆ కొన్ని క్షణాల్లో కదిలితే మెరుపు చెదిరిపోతుంది. పాత స్కాన్ సీడీ తప్పకుండా తీసుకెళ్లు, రిపోర్టు ఒక్కటే చాలదు. ఆరు నెలల్లోపు ఆ 14 కాస్తా 21 అయితే అంకె నేరుగా 5కి మారుతుంది, ఆ తేడా పాత బొమ్మలు పక్కన ఉంటేనే కొలవగలం. ఈలోపు ఎవరో పసరు మందు పోస్తారని చెబితే వెళ్లనివ్వకు.

ఇంకోటి, నువ్వూ తమ్ముడూ హెపటైటిస్-బి పరీక్ష చేయించుకున్నారా? మన చిన్నప్పుడు ఈ టీకా అందుబాటులో లేదు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు తయారుచేసి తక్కువ ధరకి తెచ్చింది 1997లో. పిల్లలకి వేయించావని తెలుసు, నీ సంగతే అడుగుతున్నా. ఈ వారమే రక్తం ఇచ్చి ఫలితం నాకు పంపు.

స్కాన్ తేదీ ఖాయం కాగానే చెప్పు, ఆ రోజు సెలవు పెట్టి వస్తాను. సీడీ ఇద్దరం కలిసే చూద్దాం.

నీ
శీను