ఆ మైలేజీ ఏ ఇంజన్‌ది?

సంపాదకులకు నమస్కారం.

కొత్త కాంపాక్ట్ ఎస్‌యూవీ వచ్చిందంటే మీ ఆటోమొబైల్ పేజీలో మైలేజీకి ఒకటే అంకె వేస్తారు. అదే బండి రెండు మూడు ఇంజన్లతో వస్తుంది. మాన్యువల్, ఆటోమేటిక్ విడిగా ఉంటాయి. ముందు చక్రాలకే శక్తినిచ్చే ఫ్రంట్ వీల్ డ్రైవ్ వేరు, నాలుగింటికీ ఇచ్చే ఆల్ వీల్ డ్రైవ్ వేరు. మీరు వేసిన అంకె వాటిలో దేనిదో తెలియదు. నేను దెబ్బతిన్నది అక్కడే.

నేను కొన్నది టర్బో పెట్రోల్ ఆటోమేటిక్, ఆల్ వీల్ డ్రైవ్. షోరూమ్‌లో చెప్పిన మైలేజీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ మాన్యువల్‌దని తర్వాత తెలిసింది. రెండేళ్లుగా ట్యాంకు ఫుల్ చేయించిన ప్రతిసారీ ఓడోమీటర్ రీడింగ్, పట్టిన లీటర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ట్రాఫిక్‌లో లీటరుకు 10 దాటదు. హైవే మీద 80లో నిలకడగా పోతే 16 వస్తుంది, 110లో పోతే 13కి పడిపోతుంది. ఎత్తైన బండి కదా, గాలిని చీల్చుకుంటూ పోవాలి. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. పైగా వెనక చక్రాలను తిప్పే షాఫ్టు, డిఫరెన్షియల్ బరువును రోజూ మోయాల్సిందే. నాలుగు చక్రాల పట్టు నాకు నిజంగా పనికొచ్చింది ఈ రెండేళ్లలో మూడుసార్లు.

మా అక్కది అదే మోడల్, కానీ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉన్నది. ట్రాఫిక్‌లో నా బండికి దాదాపు రెట్టింపు ఇస్తోంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి చేరుతుంది, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతుంది. హైవే మీద మాత్రం అంత తేడా కనిపించలేదు.

లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అనే లెక్క కూడా మనల్ని పక్కదారి పట్టిస్తుంది. మైలేజీ 20 నుంచి 24కి పెరిగితే 100 కిలోమీటర్లకు మిగిలేది 0.8 లీటరు. 10 నుంచి 12కి పెరిగితే 1.7 లీటర్లు మిగులుతాయి. యూరప్‌లో 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని రాసేది అందుకే నచ్చుతుంది నాకు. అక్కడ 2017 నుంచి వాడుతున్న డబ్ల్యూఎల్‌టీపీ అనే మైలేజీ పరీక్షలో ల్యాబ్‌లోని రోలర్ల మీద అరగంటలో సుమారు 23 కిలోమీటర్లు నడుపుతారు, అదీ ఏసీ ఆపేసి. మనం ఏసీ ఆపి నడుపుతామా?

దయచేసి ఇకనుంచి ఇంజన్, గేర్‌బాక్స్, డ్రైవ్ వారీగా చిన్న పట్టిక వేయండి. అది ఏ పరీక్షలో వచ్చిన అంకో కింద ఒక్క వాక్యం రాయండి. అలాంటి పట్టిక ఉండి ఉంటే నేను హైబ్రిడ్ తీసుకునేవాణ్ని.

— ఒక పాఠకుడు