గ్రీన్‌లాండ్ జెండా అది కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

గ్రీన్‌లాండ్ వార్త పక్కన మీరు డెన్మార్క్ జెండా బొమ్మ వేశారు. ఇరవై ఏళ్లు సరుకు ఓడల్లో పనిచేసినవాణ్ని, చూసి మనసు చివుక్కుమంది. ఎర్ర బట్ట మీద తెల్ల శిలువ డెన్మార్క్‌ది. గ్రీన్‌లాండ్‌కు 1985 నుంచి సొంత జెండా ఉంది. పైన తెలుపు, కింద ఎరుపు, కర్ర వైపుకు జరిగి అవే రంగులు తిరగబడిన గుండ్రని బింబం. గీసింది అక్కడివాడే, తూ క్రిస్టియన్‌సెన్.

రేవులో డెన్మార్క్ ఓడల్ని మేం జెండాతోనే పోల్చుకునేవాళ్లం. సరుకు ఓడకు మామూలు దీర్ఘచతురస్రపు జెండా. యుద్ధనౌకదైతే చివర రెండు తోకలుగా చీలి, ఎరుపు ముదురుగా ఉంటుంది. రాజుగారి జెండాకూ ఆ చీలికే, నడుమ రాజచిహ్నం.

గ్రీన్‌లాండ్ లాగే డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఫారో దీవులకూ సొంత జెండా ఉంది: తెల్ల జెండా, నీలి అంచున్న ఎర్ర శిలువ. 1940లో డెన్మార్క్‌ను జర్మనీ ఆక్రమించాక, ఫారో ఓడలు ఈ జెండాతో తిరగడానికి బ్రిటన్ ఒప్పుకుంది. ఆ ఏప్రిల్ 25 ఇప్పటికీ వాళ్లకు జెండా పండుగ. అంత ప్రాణప్రదమైన జెండాలండీ ఇవి. దయచేసి సవరణ వేయండి.

– ఒక రిటైర్డ్ ఓడ ఉద్యోగి, విశాఖపట్నం